పేరు పెట్టి పిలవని ఏరు

నంద్యాలలో ఉండేవాళ్లకు కుందూ అంటే ఒక వంతెన. బస్సు దాని మీదికి రాగానే కిటికీలోంచి తొంగిచూసి, నీళ్లుంటే నీళ్లున్నాయంటాం, లేకుంటే ఇసుకేనంటాం. అంతటితో ఏటితో మన పని అయిపోతుంది. నేను కూడా ఇరవయ్యారేళ్లు దాన్ని అట్లాగే చూశాను. పోయిన నెలలో మూడు రోజులు దాని ఒడ్డున ఉండి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, గాలం విసిరి, ఒక చేపను నా చేతులతో పట్టి వచ్చాను. మా వీధిలో ఆడవాళ్లు ఇప్పటికీ నమ్మడం లేదు. వాళ్ల కోసమూ, అటు వెళ్లని మిగతావాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. పగలు తీరిక దొరకదు. పాప నిద్రపోయాక రోజుకు రెండు పేజీల చొప్పున రాశాను కాబట్టి అక్కడక్కడ అతుకులు కనిపిస్తే మన్నించాలి.

ఊరి పేరు మాత్రం చెప్పను. మా ఆయన పెట్టిన షరతు అది. తొలకరికి కుందూకు కొత్త నీళ్లు రాగానే చేపలు ఏటికి ఎదురెక్కుతాయి. ఆ ఊరి దగ్గర ఏటికి అడ్డంగా పాతకాలపు రాతికట్ట ఉంది. చేపలు దాన్ని దాటలేక కట్ట కింద గుమిగూడతాయి. వాటి కోసం మనుషులు గుమిగూడతారు. ఆళ్లగడ్డ నుంచి, కోవెలకుంట్ల నుంచి, సంజామల నుంచి కూడా సైకిళ్ల మీద వస్తారు. "ఇప్పటికే కాలు పెట్టేదానికి జాగా ల్యా. నువ్వు ఊరి పేరు రాస్తే వచ్చే ఏడు నేను గట్టు మీద కూసోవల్ల" అన్నాడు ఆయన. అందుకని, ఆళ్లగడ్డకు పడమరగా, కుందూ ఒడ్డున అని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

నంద్యాల

మా ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. ఆదివారం వస్తే గాలపు కట్టె భుజాన వేసుకొని పోతాడు. ఈసారి నన్నూ పాపనూ కూడా తీసుకుపోవడానికి వేరే కారణం ఉంది.

మా శైలుకు నాలుగున్నరేళ్లు. మాఘమాసంలో దానికి గవదబిళ్లలు వచ్చాయి. పది రోజుల్లో జ్వరమూ పోయింది, వాపూ పోయింది. కానీ అప్పటినుంచి పిలిస్తే పలకడం తగ్గింది. ఒకసారి మెల్లగా అన్నా పలుకుతుంది. ఇంకోసారి నాలుగుసార్లు అరిచినా తల ఎత్తదు. మా అత్తగారు మొండితనం అన్నారు. ఎదురింటావిడ దిష్టి అంది. నేను మాత్రం రోజంతా పరీక్షలు పెట్టేదాన్ని. వంటింట్లోంచి ఒకసారి, పెరట్లోంచి ఒకసారి, తలుపు చాటునుంచి ఒకసారి, "శైలూ" అని. వెనకాల గ్లాసు కింద పడేసి దాని వీపు వంక చూసేదాన్ని. ఊళ్లో డాక్టరు కూడా అదే పని చేశాడు, కాకపోతే ఫీజు తీసుకొని. పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. అది తిరిగింది. కానీ ఆయన ఒక పక్క ఉంటే అది ఇంకో పక్కకు తిరిగింది. ఆయన కర్నూలు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. సోమవారం చూస్తామన్నారు. మాకు చీటీ చేతికొచ్చింది బుధవారం.

నా బిడ్డకు చెవులు పోతున్నాయా అన్న ఒక్క ప్రశ్నతో ఐదు రోజులు ఇంట్లో ఉండడం ఎట్లాగో నాకు తెలియలేదు. బి.ఏ. చదివాను గానీ ఆ చదువులో దీనికి జవాబు లేదు. గురువారం సాయంత్రానికి మా ఆయన ఓపిక అయిపోయింది.

"సోమవారం దాకా నువ్వు దాన్ని పిలిచి పిలిచి సంపుతావ్. సెలవు పెట్టినా. రేపు ఏటికి పోదాం."

శుక్రవారం పొద్దున బస్టాండు ముందర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయలుదేరాం. ప్లేటు అరవై పైసలు. ఊరు దాటితే ఈ రుచి ఉండదని ఇంకో ప్లేటు కట్టించుకున్నాను. ఆ మాట ఆళ్లగడ్డలో తప్పని తేలింది. అక్కడి ఉగ్గానిలో వేయించిన పప్పుల పొడి ఎక్కువ వేస్తారు, ఇంకా బాగుంటుంది.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో దిగితే ముందు వినపడేది ఉలి. రోడ్డు పక్కన తాటాకు పందిళ్ల కింద దేవుళ్లు వరసగా పడుకొని ఉంటారు, కొందరికి ముక్కు ఉండదు, కొందరికి ఇంకా తలే ఉండదు. మాకు రెండో బస్సు రెండు గంటలు ఆలస్యం. మా ఆయనకు ఎరిగిన ముసలి ఆచారి ఒకాయన పందిట్లోకి పిలిచి గోనెసంచి పరిచాడు.

నేను గుళ్లో రాతి విగ్రహాన్ని చూసినప్పుడు ముఖం ఎంత బాగా చెక్కారో చూస్తాను. ఆచారి చెప్పినదాన్ని బట్టి అది చివరి పని. మొదటి పని చెవితో. క్వారీలో రాయిని సుత్తితో తట్టి వింటారట. కంచులా మోగితే ఒక రకం విగ్రహానికి, తాళంలా మోగితే ఇంకో రకానికి. మొద్దుగా ఉంటే మెట్లకు, తిరగళ్లకు.

"రాయి పలకల్ల తల్లీ. పలకని రాయి లోపల పగిలింటాది" అన్నాడాయన.

ఆయన రాయి గురించే అన్నాడు. నేను మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాను. శైలు అప్పటికే ఒక పొడుగాటి నల్లరాతి మీద బోర్లా పడుకొని కుడిచెంప ఆనించింది. ఆచారి రెండో కొసన చిన్న సుత్తితో టింగుమనిపించాడు. అది కళ్లు పెద్దవి చేసి, "దీంట్ల గంట ఉంది" అంది. ఇంకొకసారి, ఇంకొకసారి అని బస్సు వచ్చేదాకా ఆయన్ను పని చేసుకోనివ్వలేదు. నేను దాని వెనక చేరి మెల్లగా "శైలూ" అన్నాను. పలకలేదు.

నరసక్క ఇల్లు

బస్సు దిగాక మూడు మైళ్లు నడక. ముందురోజు వాన పడింది. నల్లరేగడి గురించి తెలియనివాళ్లకు చెబుతున్నాను, వాన పడ్డాక ఆ నేల మీద చెప్పులతో నడవకండి. అడుగడుక్కీ చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. అర మైలు పోయేసరికి నేను జానెడు పొడుగు పెరిగాను. అప్పుడు చెప్పు ఉంగటం తెగింది. మిగతా దారంతా చెప్పులు చేతిలో, పాప మా ఆయన భుజం మీద.

మేము దిగింది నరసక్క ఇంట్లో. అరవై దాటిన మనిషి, గాలం వేయడంలో ఆ రేవుకు పెద్ద. భర్త పోయి నాలుగేళ్లయింది. మా ఆయన ఆమె దగ్గరే గాలం నేర్చుకున్నాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సారూ, ఈయమ్మను నీళ్లల్లో నిలబెడితే నీళ్లే భయపడతాయప్పా, మొగం అట్ల పెట్టుకోనుండాది" అంది. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. చాలా రోజులకు.

జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. మేము చింతపండు పిసికి పోస్తాం. వాళ్లు బనగానపల్లె సంత నుంచి తెచ్చిన పుల్లమామిడి ముక్కలు వేస్తారు. ఆ పులుపు ముందు తగలదు, మింగాక వస్తుంది. ఇంకొక తేడా, మా ఇంట్లో చేప తలకాయ ఇంటి పెద్దకు. అక్కడ చుట్టానికి. తలకాయ నా పళ్లెంలో పడింది. తినడం చేతకాక తిప్పలు పడుతుంటే నరసక్క పక్కన కూర్చొని, ఎక్కడ నొక్కితే ఎక్కడ ఊడుతుందో చూపించింది.

చీకటి పడుతుండగా ఒక జల్లు కురిసి ఆగింది. వెంటనే నేలలోంచి ఉసిళ్లు లేచాయి. రెక్కల చెదపురుగులు. లాంతరు చుట్టూ వందలు. వాటిని చాటలో పట్టి, రెక్కలు చెరిగి, పెనం మీద వేయించి బొరుగుల్లో కలుపుకొని తింటారు. నేను ఒకటి తిన్నాను. వేరుశనగపప్పులా ఉంది. రెండోది తినలేదు.

"మనకే కాదు, చేపలకూ ఇదే పండగ" అంది నరసక్క. ఉసిళ్లు ఏట్లో రాలితే చేపలు పైకొచ్చి అందుకుంటాయట. అందుకని ఆమె గాలానికి ఉసిలినే కడుతుంది. అయితే నిజం ఉసిలి నీళ్లలో నానిపోతుంది. ఎర్ర కోడిపుంజు మెడ ఈక ఒకటి తీసి, రెండు పక్కలా చీల్చి, గాలం కాడకు నల్లదారంతో నాలుగు చుట్లు చుట్టి పంటితో కొరికింది. అరచేతిలో పెట్టి ఊదితే అది రెక్కలాడించింది. మూడు నిమిషాల పని. మా డ్రాయింగ్ మాస్టరు రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాడు, ఆయన కట్టినవి ఉసిళ్లలా కాక తడిసిన కోడిలా ఉంటాయని ఆమే చెప్పింది.

నీళ్లలో

శనివారం తెల్లవారేసరికే కట్ట కింద ఇరవైమంది దాకా ఉన్నారు. ఒడ్డున టీ అంగడి, బొరుగుల తట్ట, సైకిల్ పంచరు వేసేవాడు కూడా. అంతమంది ఉన్నా మాట వినపడదు. కట్ట మీదినుంచి దుమికే నీళ్ల హోరు ఒక్కటే.

నరసక్క నాకు చీర గోచి పోసి కట్టింది. కాలు ఎత్తకుండా జరపమంది. ఎత్తిన కాలిని ఏరు తీసుకుంటుంది, జరిపిన కాలిని ఒప్పుకుంటుంది. ప్రవాహానికి ఎదురుగా కాక పక్కగా నిలబడాలి. ఇవన్నీ పది నిమిషాల్లో వచ్చేశాయి. రానిది ఒక్కటే.

"ఏట్లో ఉన్నెంతసేపు ఎవురినీ పేరు పెట్టి పిలవగూడదు. ఏరు ఇంటాది. ఒకపారి పేరు నేర్చుకున్నెంటే తరవాత తానే పిలుస్తాది" అంది.

మరి ఒకరినొకరు ఎట్లా పిలుచుకుంటారంటే, అందరూ గెండెలే. గెండె అంటే ఆ ఏట్లో ఎదురెక్కే పొలుసు చేప. "ఓ గెండే, కొంచెం పక్కకు జరుగు." "గెండే, బీడీ ఉందా?" మా ఆయన కూడా గెండే. కోవెలకుంట్ల నుంచి వచ్చిన ఒక పెద్ద కాంట్రాక్టరు, ఒడ్డున అందరూ లేచి నమస్కారం పెట్టే మనిషి, నీళ్లలో దిగాక ఆయనా గెండే. ఇంట్లో భర్త పేరు నేను ఎట్లాగూ పలకను కాబట్టి అది నాకు సులువు. పాప పేరు అట్లా కాదు. అది ఒడ్డున చదునైన బండ మీద కూర్చొని ఉంది. నీళ్లలో దిగి ఐదు నిమిషాలు కాకముందే నా నోట "శైలూ" అని వచ్చేసింది.

ఇరవై కట్టెలు ఒక్కసారి పైకి లేచాయి. ఇరవై ముఖాలు నావైపు తిరిగాయి. తప్పుకు దండన ఉంది. పిలిచినవాళ్లు గుప్పెడు బొరుగులు ఏట్లో చల్లి, ఎవరికైనా ఒక చేప పడేదాకా ఒడ్డున కూర్చోవాలి. కూర్చున్నాను. అరగంట ఎవరికీ పడలేదు. నావైపు వచ్చిన చూపులు ఇక్కడ రాయలేను.

ఆ అరగంట ముగుస్తుండగా ఒక సంగతి చూశాను. నరసక్క ఒడ్డున మూడు కట్టెలు గుచ్చి, ఎర్రలు, అంటే వానపాములు, కట్టి లోతుకు వదిలింది. అవి వాలుగ చేప కోసం. ఒక్కో కట్టె కొసకు ఒక్కో కాలిగజ్జె కట్టింది. చేప లాగితే గజ్జె మోగుతుంది. శైలును వాటికి కావలి పెట్టింది. పాప మట్టితో ఆడుకుంటూ చటుక్కున తలెత్తి, "అవ్వా, మోగింది" అంది. నరసక్కకు వినపడలేదు. నాకూ వినపడలేదు. పోయి చూస్తే దారం బిగుసుకుని ఉంది. జానెడు వాలుగ.

గజ్జె వినపడిన పిల్లకు నా గొంతు ఎందుకు వినపడదు?

చేప పడింది కాబట్టి నా శిక్ష తీరి మళ్లీ దిగాను. ఈక ఉసిలిని వెనక్కి ఊపి ముందుకు విసరాలి. మొదటిసారి అది నా కొంగునే పట్టుకుంది. "ఓ గెండే, నీ గెండెకు గెండె పడిందప్పా" అని ఎవరో మా ఆయనతో అన్నారు, ఏరంతా నవ్వింది. పదోసారికో పదిహేనోసారికో ఈక నీళ్ల మీద మెత్తగా వాలింది. నీళ్లు కొంచెం ఉబ్బాయి. చేతిలో కట్టెకు ప్రాణం వచ్చింది. ఆ లాగుడు మోచేతిలోంచి భుజంలోకి వచ్చింది. ఎవరూ సాయం రాలేదు. ఎవరి చేప వాళ్లే తీసుకోవాలి. మూరకు తక్కువ, అరచెయ్యి వెడల్పు, ఎర్రని తోక. ఒడ్డు మీద దాన్ని పట్టుకొని నిలబడితే నా భయం కాసేపు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆ చేపకు టీ అంగడి ఆయన ఎనిమిది రూపాయలు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

ఇత్తడి పళ్లెం

ఆదివారం పొద్దున పైన ఎక్కడో వాన పడినట్టుంది. మేము నీళ్లలో ఉండగా నురగ రావడం మొదలైంది, తరవాత పుల్లలు, తరవాత నీళ్ల రంగు మారింది. నరసక్క ఒడ్డుకు పోయి ఇత్తడి పళ్లెం మీద రాయితో కొట్టింది. అందరూ బయటికి రావాలని గుర్తు. పరుగెత్తకూడదు, కాళ్లు జరుపుకుంటూనే రావాలి.

నేను ఒడ్డెక్కి చూస్తే బండ మీద శైలు లేదు. ఒడ్డు వెంబడి ఇరవై బారల దూరంలో, ఏట్లోకి పొడుచుకొచ్చిన ఇసుకతిన్నె కొసన కూర్చొని ఉంది. దానికి కుడిపక్క కట్ట, దుమికే నీళ్లు. ఎడమపక్క మేము. తిన్నెకూ ఒడ్డుకూ మధ్య అప్పటిదాకా పొడిగా ఉన్న చోట నీళ్లు పారుతున్నాయి.

"శైలూ!"

నియమం గుర్తుంది. అయినా పిలిచాను. అది తల తిప్పలేదు. మళ్లీ పిలిచాను. పళ్లెం మోగుతూనే ఉంది. ఆ మోతకు ఆవలి ఒడ్డున కొంగలు లేచాయి. నా బిడ్డ ఇసుకలో గీతలు గీస్తోంది. ఆ క్షణంలో నాకు సోమవారం అక్కర్లేకపోయింది. తెలిసిపోయిందనుకున్నాను.

నరసక్క పళ్లెం మా ఆయన చేతిలో పడేసి, కట్టెకున్న గజ్జె ఒకటి తెంపుకొని నీళ్లలో దిగింది. నేను తిన్నగా పాపవైపు పోతున్నాను. ఆమె అటు రాలేదు. మోకాళ్ల లోతులో చుట్టూ తిరిగి, కట్టవైపు నుంచి, పాపకు కుడిపక్కకు పోయింది. ఆరు బారల దూరంలో నిలబడి గజ్జె ఆడించింది.

శైలు తలెత్తింది. "అవ్వా, యాడ మోగింది?" అంది.

నరసక్క దాన్ని చంకనేసుకొని, కాళ్లు జరుపుకుంటూ, తొందర లేకుండా వచ్చింది. నీళ్లు అప్పటికి ఆమె తొడల దాకా ఉన్నాయి. నేను పాపను లాక్కొని ఎంతసేపు అట్లాగే కూర్చున్నానో తెలియదు. నరసక్క చీర పిండుకుంటూ చెప్పింది.

"ఈ పాపకు ఎడమచెవి ల్యా తల్లీ. కుడిది ఉండాది. బలే ఉండాది. నిన్నటాల్నుంచి సూస్తాండా, ఏ మాటకైనా అది కుడిపక్కకే తిరుగుతాది. కుడిచెవిలో ఏటి హోరు పోస్తాంటే, నువ్వు ఎడమపక్క నిలబడి గొంతు సించుకుంటే ఏం ఇనపడతాది?"

ఎట్లా తెలుసని అడిగాను.

"మా మొగునికీ అంతే. మడుగుల్లో మునిగి మునిగి ఒక చెవి పోయింది. ముప్పై ఏండ్లు ఆయప్ప కుడిపక్కనే నడిస్తి. అలవాటు, ఇప్పుడు ఒక్కదాన్నే పోతాన్నా దారికి ఎడమన జాగా ఇడుస్తా."

డాక్టరు చప్పట్లు గుర్తొచ్చాయి. రాతికి ఆనించిన చెంప గుర్తొచ్చింది. ఐదు నెలలుగా వంటింట్లోంచి, పెరట్లోంచి ఎన్నిసార్లు ఏ పక్కనుంచి పిలిచానో లెక్కపెట్టబోయి ఆపేశాను. కాసేపటికి ఇంకొక భయం పట్టుకుంది. ఏట్లో, ఒడ్డున కలిపి మూడుసార్లు పేరు పెట్టి పిలిచాను కదా అన్నాను.

నరసక్క నావైపు జాలిగా చూసింది. "ఆ మోతలో పాపకే ఇనపడల్యా. ఏటికి యాడ ఇనపడింటాది?"

కర్నూలు, మళ్లీ నంద్యాల

పెద్దాసుపత్రిలో పొద్దుననుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. రెండు కొమ్ముల ఇనుప శ్రుతిదండాలు రకరకాలవి మోగించి పాప చెవుల దగ్గర పెట్టారు. చివరికి డాక్టరు చెప్పింది నరసక్క చెప్పిందే, కాకపోతే కాగితం మీద. గవదబిళ్లల వల్ల ఎడమచెవి పోయింది, తిరిగి రాదు. కుడిది పూర్తిగా బాగుంది, బాగానే ఉంటుంది. బడిలో ఎడమ గోడ పక్కన కూర్చోబెట్టండి, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోండి. నేను ఏడవలేదు. రాదన్నది విన్నాను, ఉంటుందన్నదీ విన్నాను. రెండింటికీ చోటు దొరికింది.

నంద్యాలలో బస్సు దిగేసరికి సాయంత్రం. ఇంటికి నడుస్తూ నేను పాపకు కుడిపక్కకు చేరాను. అదే సమయానికి మా ఆయన కూడా వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి కుడిపక్కకే చేరాడు. ఇద్దరం ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ, ఆ సందులో ఇరుక్కుని నాలుగు అడుగులు వేశాం. శైలు ఆగిపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరూ ఈ పక్కకే వస్తే ఆ పక్క ఎవురు నడుస్తారు?" అంది.

మా ఆయన నన్ను చూశాడు. తరవాత ఎడమపక్కకు పోయి, దాని చెయ్యి పట్టుకున్నాడు.

నేను కుడిపక్క వంగి మెల్లగా, "గెండే" అన్నాను.

"ఏందీ?" అంది, వెంటనే.